పానకం గ్లాసూ పౌలు ఉత్తరమూ

శ్రీరామనవమి మధ్యాహ్నం పక్కింటి పిన్నిగారు స్టీలు గ్లాసు నిండా పానకం తెచ్చి మా గుమ్మంలో నిలబడ్డారు. పాలకొల్లులో మేం అద్దెకున్న వరస ఇళ్ళలో క్రైస్తవ కుటుంబం మాదొక్కటే. గ్లాసు మీద ఆవిడ అత్తగారి పేరు చుక్కలు చుక్కలుగా చెక్కి ఉంది. మా నాయనమ్మ లేచి వెళ్ళి రెండు చేతులతో అందుకుని, "ఎందుకమ్మా మీకీ శ్రమ" అంది. పిన్నిగారు వెళ్ళిపోయాక పెరట్లో కొబ్బరిచెట్టు మొదట్లో పానకం పోసేసింది. గ్లాసు తోమి, అందులో రెండు సపోటాపళ్ళు పెట్టి, ఇచ్చి రమ్మని నన్ను పంపింది. పొరుగింటి గిన్నె ఖాళీగా తిప్పి పంపకూడదన్న నియమం మా ఇంట్లోనూ ఉండేది. మిరియాల ఘాటూ యాలకుల వాసనా మాత్రం ఆ రోజు కొబ్బరిచెట్టుకే దక్కాయి.

"విగ్రహానికి పెట్టింది మనం ముట్టకూడదు" అని చెప్పింది నాయనమ్మ. అక్కడితో ఆ సంగతి తేలిపోయిందనుకున్నాను. తేలలేదు. ఆ గ్లాసులో వేదాంతం ఒక్కటే లేదని, కులం కూడా కలిసి ఉందని, ప్రభుత్వ ఉత్తర్వు ఒకటి అడుగున పేరుకుని ఉందని తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

తెలుగులో 'ప్రగతిశీల క్రైస్తవం' అన్న మాట ఇంకా కుదురుకోలేదు. 'ప్రగతిశీల' అనగానే మనకు ఎర్రజెండా గుర్తొస్తుంది గానీ చర్చి గంట గుర్తుకు రాదు. ఆ పేరు పెట్టుకున్న సంఘం గోదావరి డెల్టాలో నాకెక్కడా తగల్లేదు. పేరు లేకపోయినా ప్రశ్నలు మాత్రం ఉన్నాయి. బైబిలును అది పుట్టిన కాలంలో పెట్టి చదవాలనేవాళ్ళున్నారు. యేసు ఏం బోధించాడన్నదెంత ముఖ్యమో, ఎవరి పక్కన కూర్చుని తిన్నాడన్నదీ అంత ముఖ్యమేనని వాళ్ళ వాదన. ఆడవాళ్ళు ప్రసంగ వేదిక ఎక్కాలంటారు. పొరుగు మతంలో దేవుడు ఉన్నాడో లేడో తీర్పు చెప్పే ఉద్యోగం మనకెవరూ ఇవ్వలేదంటారు. సంఘంలో వీళ్ళు కొద్దిమందే. బయటికి గట్టిగా చెప్పేవాళ్ళు మరీ కొద్దిమంది. వాళ్ళ ఆలోచన ఎక్కణ్ణించి వస్తోందో అర్థం కావాలంటే ముందు ఒక మాటను విప్పాలి.

అన్యులు

మా సంఘంలో హిందువులను 'అన్యులు' అంటారు. తిట్టినట్టేమీ కాదు. "నిన్న అన్యుల పెళ్ళికి వెళ్ళాం", "మా ఆఫీసులో అందరూ అన్యులే, మంచివాళ్ళు" అని మామూలుగా అనేస్తారు. తెలుగు బైబిలులో 'అన్యజనులు' అని ఉన్న మాట వాడుకలో అరిగి ఇలా మిగిలింది. హీబ్రూలో అది గోయీమ్, గ్రీకులో ఎత్నే. రెండింటికీ మూలార్థం జాతులు, జనాలు. యూదుల నోట్లో పడి 'మనవాళ్ళు కాని జనాలు' అయింది. మత్తయి సువార్త చివర యేసు "సమస్త జనులను శిష్యులనుగా చేయుడి" అంటాడు కదా, అక్కడున్నదీ ఆ గ్రీకు మాటే. రమ్మని పిలిచే చోట 'జనులు', గీత గీసే చోట 'అన్యజనులు'. సందర్భాన్ని బట్టి అనువాదకులు అలా రాసుకున్నారు, వాళ్ళను తప్పు పట్టను.

తమాషా అంతా ఆ తర్వాత జరిగింది. బైబిలు రెండో భాగమైన కొత్త నిబంధనలో అన్యజనులంటే ఎవరు? రోమా వాళ్ళు, కొరింథు వాళ్ళు, ఎఫెసు వాళ్ళు. యూదులు కాని ప్రతివాళ్ళూ. ఆ లెక్కన పాలకొల్లు వాళ్ళూ నర్సాపురం వాళ్ళూ అన్యజనులే. మా నాయనమ్మ అన్యురాలు, పిన్నిగారూ అన్యురాలే. గుమ్మం బయటి జనాన్ని లోపలికి రానివ్వాలా వద్దా అని మొదటి శతాబ్దంలో పెద్ద గొడవ జరిగింది. రానివ్వాలన్న పక్షం నెగ్గింది కాబట్టే గోదావరి ఒడ్డున క్రైస్తవులున్నారు. లోపలికి వచ్చి కాస్త సర్దుకుని కూర్చున్నాక మేం చేసిన పనేమిటంటే, బయట ఉన్నవాళ్ళకు మా పాత పేరు తగిలించడం.

ఆ గొడవ ముదిరింది కూడా భోజనం దగ్గరే. యేసు శిష్యుల్లో ముఖ్యుడైన పేతురు మొదట రోమా సైనికాధికారి కొర్నేలీ ఇంటికి వెళ్ళాడు. అన్యుల ఇంట అడుగుపెట్టడం మా వాళ్ళకు ధర్మం కాదని ఆ ఇంట్లోనే చెప్పి, అయినా వచ్చానన్నాడు. తర్వాత సిరియాలోని అంతియొకయలో యూదులు కాని విశ్వాసులతో కలిసి తింటూ ఉండేవాడు. యెరూషలేము నుంచి కొందరు రాగానే పంక్తి మార్చేశాడు. యూదులు కానివాళ్ళ మధ్య బోధిస్తూ తిరిగిన పౌలు అందరిముందూ అతణ్ణి నిలదీశాడు. పౌలు గలతీయులకు రాసిన పత్రికలో, అంటే ఉత్తరంలో, ఈ ముచ్చట రెండో అధ్యాయంలో ఉంది. పంక్తి మార్చడమంటే ఏమిటో తెలిసిన మన తెలుగువాళ్ళకు ఈ ఘట్టానికి వ్యాఖ్యానం అక్కర్లేదు. యూరపు పండితులు పేజీలకు పేజీలు రాసి వివరించే సంగతి గోదావరి జిల్లాల్లో పెళ్ళి భోజనాలు చూసిన ముసలామెకు వినగానే బోధపడుతుంది.

ప్రసాదం సంగతి పౌలు ఏమన్నాడు

యెరూషలేములో పెద్దలు కూడి ఒక ఒప్పందానికి వచ్చారు. యూదులు కానివాళ్ళు సున్నతి చేయించుకోనక్కర్లేదు. విగ్రహాలకు అర్పించినవాటికి, రక్తానికి, గొంతు పిసికి చంపినదానికి, జారత్వానికి మాత్రం దూరంగా ఉండాలి. అపొస్తలుల కార్యముల గ్రంథం 15వ అధ్యాయంలో ఉన్న ఈ మాటే నాయనమ్మకు ఆధారం. బైబిలు చివరి పుస్తకం ప్రకటన గ్రంథమైతే విగ్రహార్పితం తినేవాళ్ళను ఇంకా గట్టిగా మందలిస్తుంది.

గ్రీకు నగరం కొరింథులోని సంఘం ఇదే ప్రశ్న వేసినప్పుడు పౌలు మరో దారి తీశాడు. కొరింథు గుళ్ళలో బలిచ్చిన జంతువుల మాంసం బజారులోకీ వచ్చేది. డబ్బున్నవాళ్ళకు గుడి ఆవరణలోని భోజనశాలల్లో విందులు జరిగేవి. ఏది నైవేద్యమో ఏది కాదో ఎవరు కనిపెట్టగలరు? మొదటి పత్రిక 8వ అధ్యాయంలో పౌలు ముందు తేల్చింది: విగ్రహం వట్టిదే, తిన్నంత మాత్రాన దేవుడి దగ్గర మనకు ఎక్కువా లేదు, తినకపోతే తక్కువా లేదు. వెంటనే అడ్డుచక్రం వేశాడు. నువ్వు తినడం చూసి నిన్నటిదాకా ఆ పూజల్లో మునిగి ఉన్న ఒక బలహీనుడు తడబడతాడనుకో, అప్పుడు నీ తెలివి వాడికి ఉరి అవుతుంది. అలాగైతే నేను మాంసమే మానేస్తానన్నాడు. 10వ అధ్యాయంలో ఇంకా సూక్ష్మంగా వెళ్ళాడు. గుడిలో బలిపీఠం దగ్గర పాలు పంచుకోవద్దు. బజారులో అమ్మేది మాత్రం ఆరా తీయకుండా తినండి. విశ్వాసి కానివాడు భోజనానికి పిలిస్తే వెళ్ళండి, పెట్టింది తినండి. ఎవరైనా పనిగట్టుకుని "ఇది నైవేద్యం" అని చెబితే, చెప్పినవాడి మనస్సాక్షి కోసం మానండి.

ఒకే గ్రంథంలో ఇన్ని గొంతులున్నాయి. నిషేధం కావలసినవాళ్ళు యెరూషలేము తీర్మానాన్ని ఎత్తిచూపుతారు, వెసులుబాటు కావలసినవాళ్ళు కొరింథు పత్రికను. ప్రగతిశీలుల పద్ధతి వేరు. ఈ వాదులాటే లేఖనంలో భాగమని, దాన్ని నొక్కేసి ఒక్క గొంతును మిగల్చడం లేఖనానికి విధేయత కాదని అంటారు. నాకు ఇందులో నచ్చేది పౌలు ప్రశ్న వేసిన తీరు. గ్లాసులో ఉన్నది పవిత్రమా అపవిత్రమా అన్న దగ్గర అతను ఎక్కువసేపు ఆగలేదు. తాగితే ఎవరికి ఏమవుతుంది, తాగకపోతే ఎవరికి ఏమవుతుంది అని అడిగాడు. ఆ ప్రశ్న వేసుకుంటే ఒక ఇంట్లో తాగడం సరైనది కావచ్చు, ఇంకో ఇంట్లో తాగకపోవడం.

నిషేధం పాటించేవాళ్ళ పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. విశ్వాసం కోసం కూలి పోగొట్టుకున్నవాళ్ళు, కామందు కోపానికి గురైనవాళ్ళు ఆ సంఘాలను నిలబెట్టారు. "ప్రసాదం తినడం అంత చిన్న విషయమైతే, తినకపోవడం కూడా అంతే చిన్న విషయం కదా, మీకెందుకు బాధ?" అని మా పెదనాన్నగారు అడిగేవారు. దానికి జవాబు చెప్పడం అనుకున్నంత తేలిక కాదు.

ఈలోగా డెల్టా తన జవాబు తను కనిపెట్టుకుంది: బేకరీ కేకు. క్రిస్మస్‌కి మా అమ్మ ఇంట్లో వండిన పలావు పంపితే ఆ వరసలో రెండిళ్ళ వాళ్ళు తీసుకునేవారు, రెండిళ్ళ వాళ్ళు నవ్వుతూ "ఇవాళ శనివారమండీ" అనేవారు. వారం ఏదైనా సరే వాళ్ళకు శనివారమే. అదే బేకరీ నుంచి అట్టపెట్టెలో తెచ్చిన కేకైతే నాలుగిళ్ళూ తీసుకునేవి. అది మా పొయ్యి మీద ఉడకలేదు మరి. బజారు సరుకును ఆరా తీయకుండా తినమన్న పౌలు సూత్రాన్ని, ఆయన పేరు కూడా వినని ఇళ్ళు అంత నిష్ఠగా పాటించేవి.

దోసిలి

నేను డిగ్రీ చదివే రోజుల్లో ఒకసారి నాయనమ్మను ఆ పానకం గురించి మళ్ళీ అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "మా ఊళ్ళో రాములవారి పందిట్లో మాకూ పానకం పోసేవారు రా. దోసిట్లో. పైనుంచి" అంది. "పిన్నిగారు గ్లాసుతో ఇచ్చారు కదా" అన్నాను.

"అందుకే రెండు చేతులతో తీసుకున్నాను."

అంటే ఆ మధ్యాహ్నం ఒకే గ్లాసు విషయంలో ఆవిడ రెండు పనులు చేసింది. ఇచ్చిన మర్యాదను తీసుకుంది, ఇచ్చిన పదార్థాన్ని వదిలేసింది. కొత్తవాళ్ళను కలుపుకోవడం గురించి, భిన్నంగా ఉన్నవాళ్ళను ఆదరించడం గురించి రాసే చాలామంది ఇక్కడే పొరబడతారు. ఆదరించేవాడు ఎప్పుడూ ఇంటి యజమాని అనుకుంటారు. డెల్టాలో చాలామంది క్రైస్తవుల తాతముత్తాతలు ఏనాడూ గుమ్మం లోపలివైపు నిలబడలేదు. ఊరివాళ్ళను ఆహ్వానించమని పేటలో ఉన్నవాళ్ళకు ఉపదేశించే ముందు, ఎవరు ఎవరికి తలుపు మూశారో గుర్తుంచుకోవాలి.

ఇక్కడికి సువార్త వచ్చిన దారి కూడా అలాంటిదే. ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ అనే మిషనరీ పిలుపు మీద 1836లో విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు ఇంగ్లండు నుంచి వచ్చి నర్సాపురం ప్రాంతంలో పని మొదలుపెట్టారు. చాలాకాలం పెద్దగా ఎవరూ చేరలేదు. 1847లో ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలుపెట్టాడు. అది 1852 దాకా సాగింది. రాళ్ళు మోయడానికి వేలమంది కూలీలు అక్కడ పోగయ్యారు, వాళ్ళలో అంటరానివాళ్ళుగా ఊరి బయట ఉంచిన కులాలవాళ్ళూ ఉన్నారు. మిషనరీలు ఆ కూలీల మధ్యకు వెళ్ళారు. అదే కాలంలో రాజమండ్రిలో లూథరన్లు, ఏలూరు వైపు ఆంగ్లికన్లు, తర్వాత 1874లో కాకినాడలో కెనడా బాప్తిస్టులు స్థిరపడ్డారు. ఏ కాలవ గట్టు మీద ఏ మిషను ముందు చేరితే ఆ గట్టు ఊళ్ళు ఆ మిషనువి. ఇప్పటికీ మా బంధువుల్లో సిద్ధాంత భేదాల కన్నా కాలవ భేదాలే ఎక్కువ.

చేరినవాళ్ళకు ముందుగా దక్కినదాన్ని చదువు అంటారు, ఆసుపత్రి అంటారు. నిజమే. నాకు మాత్రం రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభురాత్రి భోజనంలో ఒకే పాత్ర చేతులు మారడం అన్నిటికన్నా పెద్ద సంగతిగా తోస్తుంది. గ్లాసు ఇవ్వని ఊరికి పక్కనే, అందరూ ఒకే గిన్నె అంచుకు పెదవి ఆనించే గది ఒకటి వెలిసింది. ఆ గది పైకప్పు తాటాకుదే కావచ్చు.

ఆ గది తన మాట నిలబెట్టుకుందా? సగమే. మచిలీపట్నంలో 1843లో బడి పెట్టిన రాబర్ట్ నోబుల్, పైకులాల పిల్లలు వెళ్ళిపోతారని అంటరాని కులాల పిల్లలను చేర్చుకోవడానికి ఒప్పుకోలేదు. మాల సంఘం, మాదిగ సంఘం అని వేర్వేరు మందిరాలు ఒకే ఊళ్ళో పక్కపక్కన ఇప్పటికీ ఉన్నాయి. పెళ్ళి సంబంధాల ప్రకటనల్లో క్రీస్తు పేరు పక్కనే కులం పేరు తప్పకుండా ఉంటుంది. తెల్లదొరలు కూడా తక్కువ తినలేదు. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో వి.ఎస్. అజరయ్య లేచి, మీరు పేదలకు ఆస్తులు పంచారు, ప్రాణాలిచ్చారు, ఇప్పుడు మాకు స్నేహితులను ఇవ్వండి అన్నాడు. మిషనరీలు భారతీయ సహోద్యోగులతో ఒక బల్ల దగ్గర కూర్చోకపోవడం ఆయన ఫిర్యాదులో భాగం. రెండేళ్ళ తర్వాత ఆయనే దోర్నకల్ బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. కతోలికుల్లో ఒక దళితుడు కార్డినల్ కావడానికి 2022 దాకా ఆగాల్సి వచ్చింది. ఆయన తెలుగువాడే, హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంథోనీ.

1981లో బెంగళూరు యునైటెడ్ థియొలాజికల్ కాలేజీలో అరవింద్ నిర్మల్ చేసిన ప్రసంగంతో దళిత వేదాంతం అన్న పాయ మొదలైంది. పీఠం మీది దేవుణ్ణి పైనుంచి కిందికి చూడటం మాని, ఊరి బయట సిలువ వేసినవాణ్ణి ఊరి బయట ఉన్నవాళ్ళ కళ్ళతో చూడాలన్నది దాని సారం. డెల్టాలో ప్రగతిశీల క్రైస్తవ ఆలోచన ఏదైనా ఉందంటే దానికి నీరు ఈ కాలవ నుంచే వస్తోంది, పాశ్చాత్య దేశాల పుస్తకాల నుంచి కాదు. అక్కడ ఈ మాట మీద చర్చ ఎక్కువగా ఆధునిక విజ్ఞానం చుట్టూ, లైంగికత చుట్టూ తిరుగుతుంది. ఇక్కడ అన్నం చుట్టూ తిరుగుతుంది.

బొట్టు, రాగం, వేలం

సంస్కృతి విషయానికొస్తే మొదట కనబడేది ముఖం. మా నాయనమ్మ బొట్టు పెట్టుకోలేదు, పూలు పెట్టుకోలేదు. అదే ఊళ్ళో ఆర్.సి.ఎం. (రోమన్ కతోలిక్) ఆడవాళ్ళు రెండూ పెట్టుకుని పూజకు వెళ్ళేవారు. కారణం పాతది. 1606లో మధురై చేరిన, జెసూట్ అనే కతోలిక సన్యాసి సంఘానికి చెందిన రాబర్ట్ డి నోబిలి, గంధం వంటివి దేశాచారాలే గాని మతం కాదని వాదించాడు. 18వ శతాబ్దపు తొలినాళ్ళలో తెలుగు సీమకు వచ్చిన ఫ్రెంచి జెసూట్లదీ దాదాపు అదే దారి. రోములో దీనిపై పెద్ద తగాదా నడిచి 1744లో పోపు నిషేధాలు విధించాడు, 1940లో గాని ఆ పట్టు సడలలేదు. 1969లో భారతీయ ఆరాధన కోసం రోము 12 అంశాలకు అనుమతిచ్చింది. నేల మీద కూర్చోవడం, హారతి అందులోవే. 19వ శతాబ్దంలో వచ్చిన ప్రొటెస్టెంటు మిషనరీలకు మాత్రం బొట్టు విగ్రహారాధన గుర్తుగానే కనబడింది. పేతురు పత్రికలో బయటి అలంకారం వద్దన్న వాక్యం ఎలాగూ చేతిలో ఉంది.

ఇది సంస్కృతిని చెరిపేయడమేనని ప్రగతిశీలుల్లో చాలామంది అంటారు. నేను పూర్తిగా ఒప్పుకోను. బొట్టు లేని ముఖం మన సమాజంలో వితంతువు ముఖం. ఎదురొస్తే శకునం బాగాలేదని వెనక్కి తిరిగేవారు. చర్చిలో తెల్లచీరల వరుసలో కూర్చున్న ఆడవాళ్ళలో మొగుడున్నదెవరో పోయినదెవరో ముఖం చూసి చెప్పలేం. మిషనరీలు ఉద్దేశించి చేసింది కాకపోవచ్చు, కానీ ఒక వితంతువుకు ఆ వరుస ఎంత ఊరటో మిగతావాళ్ళకు తెలియదు. ఈ తరం అమ్మాయిలు మరో పద్ధతి కనిపెట్టారు. మందిరం గేటు దగ్గర నుదుటి మీది స్టిక్కరు తీసి ఫోను వెనక అంటించుకుని లోపలికి వెళ్ళే అమ్మాయిని చూశాను. ప్రార్థన అయ్యాక అదే స్టిక్కరు తిరిగి నుదుటికి చేరింది.

పాట దగ్గర ఇంత పేచీ లేదు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన పురుషోత్తమ చౌదరి 19వ శతాబ్దంలోనే రాగతాళాలతో తెలుగు కీర్తనలు రాసి ఆ గొడవ తీర్చేశాడు. ఇప్పటికీ కీర్తనల పుస్తకంలో పల్లవి పైన రాగం, తాళం అచ్చయి ఉంటాయి. పట్టించుకునేవాళ్ళు తగ్గారు, కీబోర్డు అన్ని రాగాలనూ ఒక్క గాటన కట్టేస్తోంది, అది వేరే బాధ.

కోత పండుగ నాడు ఇంకో రకం పాట ఉంటుంది, వేలంపాట. కొత్త వడ్ల కంకులు, అరటిగెలలు, కొబ్బరికాయలు, కాళ్ళు కట్టిన కోడిపుంజు మందిరం అరుగు మీదికి వస్తాయి. "ఒకటోసారి, రెండోసారి" అంటూ పెద్దలు గుమ్మడికాయకు దాని ధరకు పదింతలు పలికిస్తారు. మా ఊళ్ళో రైసుమిల్లు నడిపే ఆయన ఏటా వచ్చి ఒక గెల పాడుకునేవాడు. నుదుట నామం, చేతిలో యేసుకు అర్పించిన అరటిగెల. ఆయనకు ఏ పత్రికలోనూ ఏ అధ్యాయమూ అడ్డు రాలేదు. డెల్టా హిందువులకు ఇది కొత్త కాదు. కాటన్ పరమ భక్తుడైన క్రైస్తవుడు, అయినా ఆయన్ను భగీరథుడంటూ స్మరించే సంస్కృత శ్లోకం గోదావరి స్నానాల దగ్గర వినబడుతుంది, ఊరూరా ఆయన విగ్రహానికి దండలు పడతాయి. కాటన్ బతికుంటే ఆ దండలు చూసి ఏమనేవాడో ఊహించుకుంటే నాకు నవ్వొస్తుంది.

కాగితం మీద హిందువు

1950 ఆగస్టు 10న రాష్ట్రపతి పేరిట వెలువడిన షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందూ మతం కాక వేరే మతం అవలంబించేవాళ్ళు షెడ్యూల్డ్ కులస్థులు కారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను ఆ మినహాయింపులోంచి తప్పించారు. క్రైస్తవులు, ముస్లింలు అలాగే ఉండిపోయారు. ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డ్ కులాల నుంచి క్రైస్తవులైనవాళ్ళు బి.సి.-సి కిందికి వస్తారు, దానికి 1 శాతం రిజర్వేషను.

మతం మారితే కులం పోతుందని ఉత్తర్వు అంటుంది. పోలేదని టీ కొట్టు అంటుంది. మధ్యలో నలిగే కుర్రాడు ఇంట్లో ఒక పేరుతో, సర్టిఫికెట్‌లో ఇంకో పేరుతో బతుకుతాడు. పొరుగు మతం గురించి నిజాయితీగా మాట్లాడుకోవాలంటే ముందు నీ మతం ఏమిటో పైకి చెప్పగలగాలి కదా. ప్రొటెస్టెంటు, కతోలిక సంఘాలు రెండూ ఆగస్టు 10ని నిరసన దినంగా పాటిస్తున్నాయి. రిజర్వేషను హిందూ సమాజం చేసిన అన్యాయానికి పరిహారమని, అందులోంచి బయటికి వెళ్ళినవాళ్ళకు వర్తించదని ఎదుటి పక్షం అంటుంది. ఉన్న వాటానే ఇంకొందరితో పంచుకోవాల్సి వస్తుందని హిందూ దళితుల్లో కొందరి భయం. మూడింటిలోనూ ఎంతో కొంత నిజముంది. ఉత్తర్వు మాత్రం అన్యాయమైనదనే నేననుకుంటాను, ఎందుకంటే దోసిట్లో పోసినవాళ్ళు నాయనమ్మ మతం అడిగి పోయలేదు.

ఇక మతమార్పిడి అనుమానం. క్రైస్తవుడు ఆప్యాయంగా పలకరిస్తే అది గాలమేమోనని హిందువులు శంకించడంలో ఆశ్చర్యం లేదు, మా సువార్త సభల మైకులు విన్నవాళ్ళకు మరీనూ. ప్రగతిశీలులు దీనికి సువార్తల్లోంచే జవాబు వెతుకుతారు. రోమా శతాధిపతి దాసుణ్ణి యేసు బాగుచేశాడు, నీ దేవుళ్ళను వదిలెయ్యమనలేదు. దొంగలు కొట్టి పడేసినవాణ్ణి ఎత్తుకెళ్ళి కాపాడిన సమరయుడు కథ మొదట్లో ఎంత సమరయుడో చివర్లోనూ అంతే. అతణ్ణి మార్చమని యేసు ఎవరికీ చెప్పలేదు, అతనిలాగా మీరు చేయండన్నాడు. ఎదుటి మతంవాణ్ణి ఆదర్శంగా చూపించిన ఈ కథను మేం ఆదివారపు బడిలో జాలి గురించిన కథగా కుదించేశాం.

ఎనిమిదో అధ్యాయం

ఆడవాళ్ళ విషయంలో తలుపు కొంచెం తెరుచుకుంది. 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.)లో తొలి మహిళా బిషప్ 2013లో నంద్యాల డయోసిస్‌కు వచ్చిన ఎగ్గోని పుష్పలలిత, తెలుగావిడే. డెల్టా పల్లెల్లో ఎన్నో మందిరాల్లో మాత్రం ఆడవాళ్ళు ఇంకా సాక్ష్యం, అంటే తమ విశ్వాసానుభవం, చెప్పడం దగ్గరే ఆగి ఉన్నారు.

దానికన్నా గట్టిగా బిగిసి ఉన్న తలుపు ఇంకొకటుంది. ఆమధ్య మా ఊళ్ళో ఒక సాయంత్రం బైబిలు పఠనంలో అపొస్తలుల కార్యముల 8వ అధ్యాయం వచ్చింది. ఐతియొపీయ రాణి ఖజానా చూసే అధికారి యెరూషలేములో ఆరాధించి రథంలో వెనక్కి వెళుతూ ఉంటాడు. తెలుగు బైబిలు అతణ్ణి 'నపుంసకుడు' అంటుంది. మన ఊళ్ళలో ఆ మాట తిట్టు. చదివే కుర్రాడు దాన్ని గబగబా మింగేశాడు. ద్వితీయోపదేశ కాండం 23వ అధ్యాయం అలాంటివాణ్ణి సమాజంలో చేరనివ్వదు. యెషయా 56వ అధ్యాయం అతనికి కొడుకులూ కూతుళ్ళ కన్నా శ్రేష్ఠమైన పేరు ఇస్తానంటుంది. రథంలో అతను చదువుతున్నదీ యెషయానే, కాస్త ముందరి అధ్యాయం. దారిలో నీళ్ళు కనబడగానే బాప్తిస్మానికి నాకేమి ఆటంకమని, రథమెక్కి తనకు అర్థం చెబుతున్న ఫిలిప్పును అడుగుతాడు. ఇద్దరూ నీళ్ళలోకి దిగుతారు.

పాస్టరుగారు ఇది ఇతర జాతులకు సువార్త వెళ్ళడం గురించి అని వివరించి ముగించబోయారు. మా మందిరంలో చాపల మీద ఎడమవైపు ఆడవాళ్ళు, కుడివైపు మగవాళ్ళు కూర్చుంటారు. రొయ్యల చెరువుల దగ్గర పనికి వెళ్ళే ఒకావిడ ఎడమవైపు నుంచి చెయ్యెత్తింది. రైల్లో చప్పట్లు కొట్టుకుంటూ డబ్బులడిగేవాళ్ళ గురించేనా అయ్యగారూ ఇది, అని అడిగింది. అలాంటివాళ్ళే అనుకోవచ్చన్నారు పాస్టరుగారు.

"అయితే వచ్చే ఆదివారం ఆయన మన మందిరానికి వస్తే ఎటువైపు కూర్చుంటాడండీ?"

కుడివైపు ఎవరో నవ్వారు, ఎవరో గొంతు సవరించుకున్నారు. టైమైందని చెప్పి పాస్టరుగారు ముగింపు ప్రార్థన చేశారు. తర్వాతి వారం తొమ్మిదో అధ్యాయం తీయాలి. ఆయన మళ్ళీ ఎనిమిదోదే తీశారు.